సూదీ దారం: రుద్రమ కవచం, గళ్ళ కోటు, మరికొన్ని ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాస్‌ప్లే గురించే. నచ్చిన పాత్రలా వేషం కట్టుకుని, అలాగే వేషాలు కట్టి వచ్చిన పదిమంది మధ్య తిరిగి రావడం. ఇంతకాలం డాన్స్ స్కూళ్ళకీ నాటకాలకీ కుట్టిన నాకు ఇందులో కొత్తగా అనిపించేది ఒక్కటే. స్టేజీ మీద గంటన్నరలో వేషం విప్పేస్తారు. వీళ్ళు పొద్దున కడితే సాయంత్రం దాకా విప్పరు. కాబట్టి ఈసారి పెళ్ళి జాకెట్ల ప్రశ్నలు పక్కన పెడుతున్నా, ఏమీ అనుకోకండి.

ఆంటీ, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హైదరాబాద్ కామిక్ కాన్‌కి, అదే, కామిక్స్ అభిమానుల జాతరకి, రాణీ రుద్రమ వేషంలో వెళ్దామనుకుంటున్నా. మెరూన్ రా సిల్క్ జాకెట్టు, లంగా, వాటి నిండా పూసల పని, పైన ఛాతీ కవచం, భుజకీర్తులు, వడ్డాణం, కిరీటం, కత్తి. అన్నీ నేనే చేసుకోవాలి. మిషన్ కుట్టడం వచ్చు, మగ్గం పనికి వాడే ఆరీ సూది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా. ముందుగా గాజు పూసలు మూడు కేజీలు కొనేశా. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

మూడు కేజీలా తల్లీ! సరే, కొన్నావు కాబట్టి ముందు లెక్క చూద్దాం. నువ్వు కొన్నవి 11 నంబరు పూసలే అయితే ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, గ్రాముకు దాదాపు 110 తూగుతాయి. పది సెంటీమీటర్ల చదరం, అంటే బెత్తెడు ముక్క నిండా సందు లేకుండా కుడితే 2,500 పూసలు, 23 గ్రాములు. వినడానికి ఏముంది అనిపిస్తుంది. రెండు మీటర్ల ఘేరా (చుట్టుకొలత), మీటరు పొడుగు ఉన్న లంగాలో అలాంటి చదరాలు 200 పడతాయి. నాలుగున్నర కేజీలు దాటింది. బట్ట, లైనింగ్, కవచం, కిరీటం ఇంకా కలపలేదు.

అందుకని నింపుడు పని లంగా అంచుకీ, జాకెట్టు మెడకీ, చేతుల చివర్లకీ మాత్రమే పెట్టుకో. మధ్యలో విడివిడిగా బుటీలు చాలు. ఫొటోలో కన్ను పడేది ముందు మెడ మీద, తర్వాత నడుం మీద. కవచం కింద దాగే చోట పూస కుట్టడం శుద్ధ దండగ, పైగా ఒరుసుకుని లోపల గుచ్చుకుంటుంది. మిగిలిన గాజు పూసలు షాపువాడు వెనక్కి తీసుకుంటే ఇచ్చేసి, లంగా బుటీలకి ప్లాస్టిక్ పూసలు తెచ్చుకో. అదే సైజులో సగం బరువు కూడా ఉండవు. మెడ దగ్గర మాత్రం గాజే వాడు. దగ్గర్నుంచి చూసేవాళ్ళకి ఆ మెరుపు తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వస్తా. మొదలుపెట్టాల్సింది లోపలి నుంచి. పైబట్ట ఎంత ఖరీదైనదైనా బరువు మోయదు, దాని లోపల పెట్టిందే మోస్తుంది. కాటన్ పోప్లిన్ లైనింగ్ తెచ్చి, తడిపి ఆరేసి, ఇస్త్రీ చేసి, దాంతో ముందు ఒంటికి అతికినట్టుండే బాడీ ఒకటి కుట్టు. దాని మీద మంచానికి వాడే నవారు లాంటి పట్టీ, ఇంచు వెడల్పుది, రెండు భుజాల మీదుగా ముందూ వెనకా దింపి, నడుం చుట్టూ ఇంకో పట్టీకి కలిపి కుట్టెయ్. చూడ్డానికి స్కూలు బ్యాగు పట్టీల్లా ఉంటుంది. కవచం, భుజకీర్తులు, వడ్డాణం, కత్తి ఒర అన్నీ ఈ పట్టీలకే తగిలించాలి. రా సిల్క్‌కి ఒక్క హుక్కు కూడా వేయొద్దు. పట్టీ ఉన్నచోట జాకెట్టులో చిన్న కాజా తీస్తే హుక్కు అందులోంచి బయటికి వస్తుంది. రా సిల్క్ పోగు ఇట్టే జారిపోతుంది, ఏదైనా బరువు వేలాడదీస్తే మధ్యాహ్నానికల్లా కుట్టు పక్కన సందు తెరుచుకుంటుంది.

తర్వాత పూసల పని. జాకెట్టు కత్తిరించేసి దాని మీద కుట్టడం మొదలుపెట్టొద్దు. కొత్తవాళ్ళందరూ చేసేది అదే. బట్ట ముక్క ముక్కగానే ఉండాలి. దాని మీద కాగితం ప్యాటర్న్ గీతలు వేసి, చుట్టూ కనీసం నాలుగు ఇంచులు వదిలి మగ్గానికి బిగించు. గుండ్రటి రింగులో బిగిస్తే జరిపినప్పుడల్లా అది అప్పటిదాకా కుట్టిన పూసల మీదే కూర్చుంటుంది, కాబట్టి చిన్నదైనా చెక్క ఫ్రేమే తెచ్చుకో. రా సిల్క్ కింద పల్చటి కాటన్ వెయ్. ఆరీ కొక్కెం పోగుల్ని లాగకుండా ఉంటుంది.

డిజైన్ ట్రేసింగ్ పేపర్ మీద గీసి, గీత వెంబడి సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడవాలి. జింక్ పౌడర్‌లో కాస్త కిరోసిన్ కలిపి, గుడ్డ ఉండతో కాగితం మీద రుద్దితే మెరూన్ బట్ట మీద తెల్లగా చుక్కలు దిగుతాయి. ముందు ఓ పనికిరాని ముక్క మీద రుద్ది చూడు. పల్చగా అయితే పక్కలకి పాకుతుంది, చిక్కగా అయితే చిల్లులు పూడిపోతాయి.

ఆరీ కుట్టంటే గొలుసు కుట్టు. వేగంగా పోతుంది గానీ ఒక్కచోట తెగి దారం చివర అందిందంటే ఊడుతూ ఊడుతూ వరసంతా పోతుంది. అందుకే ప్రతి ఆరేడు పూసలకి ఒక ముడి కుట్టు వేసుకుంటూ వెళ్ళు. చంక దగ్గర, వడ్డాణం రాసుకునే చోట, కత్తి ఒర తగిలే పక్కన ఆరీ అసలొద్దు. మామూలు సూదితో, రెండు పేటల పాలిస్టర్ దారానికి మైనం రాసి, ఒక్కో పూసకి వెనక్కొచ్చి కుట్టు. కట్ దానా, పైపు పూసలు వాడుతుంటే వాటి అంచులు బ్లేడులా ఉంటాయి, కదిలినప్పుడల్లా దారాన్ని కోస్తాయి. పైపుకి అటూ ఇటూ ఒక్కో గుండ్రటి పూస వేస్తే దారం ఆ గుండ్రం మీదుగా మలుపు తిరుగుతుంది, తెగదు.

పని అయ్యాక మగ్గం దించి, ప్యాటర్న్ మళ్ళీ పెట్టి చూడు. నువ్వు వేసిన గీతలు లోపలికి వచ్చేసి ఉంటాయి. నిండుగా పని పడిన బట్ట ముడుచుకుంటుంది. ఒక్కోసారి ముందు భాగానికి ముప్పావు ఇంచు దాకా పోతుంది. వదిలిన నాలుగు ఇంచులూ ఇందుకే. కొత్త గీత వేసి అప్పుడు కత్తిరించు. కుట్టు పడే అర ఇంచులో పూసలు ఉండకూడదు. ఉంటే బట్ట మడిచి, కళ్ళద్దాలు పెట్టుకుని, కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో పూసనీ నొక్కి పగలగొట్టు. టిక్కుమని పొడి అవుతుంది, దారం మాత్రం అలాగే ఉండిపోతుంది కాబట్టి వరస ఊడదు. దారం కోసి పూసలు తీశావో, గొలుసు కుట్టు సంగతి ఇందాకే చెప్పా. పూస ఉండగా మిషన్ వేస్తే సూది విరిగి ఎటు ఎగురుతుందో తెలీదు.

కవచానికి ఈవా ఫోమ్ (చెప్పుల అడుగుకి వాడే లాంటి మెత్తటి ఫోమ్) షీటు 5 మిల్లీమీటర్లది సరిపోతుంది, పైన నగిషీలకి 2 మిల్లీమీటర్లది. లోపలి బాడీ వేసుకుని, మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టించుకుని, అమ్మతోనో స్నేహితురాలితోనో టేపు అంటింపజేసి, దాని మీద కవచం గీతలు గీయించుకో. విప్పి కోస్తే అదే నీ ప్యాటర్న్. కోయడానికి కొత్త బ్లేడు వాడు, ఫోమ్ బ్లేడుని తొందరగా మొద్దు చేస్తుంది. అది మొద్దయితే అంచు చిరుగులు చిరుగులుగా వస్తుంది. హీట్ గన్‌తో వేడి చేస్తే పైపొర కాస్త మెరుస్తుంది, ఆ వేడిలో మోకాలి మీద పెట్టి వంచితే చల్లారాక వంపు నిలుస్తుంది. అతికించేటప్పుడు చెప్పులు అతికించే రకం గమ్ము రెండు అంచులకీ రాసి, వేలు పెడితే అంటనంత దాకా ఆరనిచ్చి అప్పుడు నొక్కు. తడి మీదే నొక్కితే జారుతుంది. కిటికీలు తెరిచి పెట్టుకో, ఆ వాసన తలకెక్కుతుంది. తెల్ల ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి రెండు మూడు పూతలు, ఆరాక నల్ల యాక్రిలిక్, దాని మీద బంగారు రంగు పొడి బ్రష్‌తో. గుంటల్లో నలుపు మిగిలితేనే పాత లోహంలా కనిపిస్తుంది. మొత్తం బంగారమే కొడితే మిఠాయి డబ్బా.

ఫోమ్ అంటే నకిలీ అని మొహమాటపడకు. కూచిపూడి భాగవతుల కిరీటాలూ భుజకీర్తులూ వెనకటికి తేలికైన బూరుగు చెక్కతో చేసేవాళ్ళు, రాత్రంతా ఆడాలి కాబట్టి. కిరీటం లోపల నుదుటికి తగిలే చోట వెల్వెట్ పట్టీ అంటించు, చెమట పీలుస్తుంది. కిరీటం చెయ్యడానికి థర్మోకోల్ తీసుకుని నేరుగా స్ప్రే పెయింట్ మాత్రం కొట్టకు, కళ్ళ ముందే కరిగి గుంటలు పడుతుంది.

నగల డిజైన్లకి ఇంటర్నెట్‌లో దొరికే పెళ్ళి వడ్డాణాల జోలికి పోకు. నీకు రామప్ప అంత దగ్గర్లో ఉంది. రుద్రమ తండ్రి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది, అంటే ఆమె కాలానికి కళ్ళ ముందున్న శిల్పం. అక్కడి మదనికల (స్తంభాల పైన చెక్కిన స్త్రీ శిల్పాల) మొలనూళ్ళు, కంటెలు, దండకడియాలు ఎంత సన్నగా, ఎన్ని వరసలుగా ఉన్నాయో పక్క నుంచీ వెనక నుంచీ కూడా ఫొటోలు తీసుకురా. వెనక ముడి ఎక్కడ పడిందో తెలిస్తేనే నువ్వు హుక్కు ఎక్కడ దాచాలో తెలుస్తుంది. వరంగల్ కోట తోరణాల మీది హంసలు ఆ లంగా అంచుకి వరసగా పెడితే ఇంకే డిజైనూ అక్కర్లేదు.

కత్తి ఫోమ్‌దో చెక్కదో అయి ఉండాలి. పదునున్న లోహం ఏదీ లోపలికి రానివ్వరు. చివరిగా, వెళ్ళే వారం ముందు ఓ సాయంత్రం మొత్తం కట్టుకుని ఇంట్లో తిరుగు. చేతులు పైకెత్తు, కింద కూర్చుని లే, ఆటోలో ఎక్కి దిగు, అన్నం తిను. బాత్రూమ్‌కి ఎవరి సాయం లేకుండా వెళ్ళి రాగలవో లేదో చూసుకో. నవ్వకు, ఎక్కువమంది ఏడ్చేది అక్కడే.

మా వాడు తొమ్మిదో తరగతి. జపాన్ కార్టూన్‌లో ఎవరో హీరో వేసుకునే ఆకుపచ్చ, నలుపు గళ్ళ కోటు కావాలని ప్రాణం తీస్తున్నాడు. ఆన్‌లైన్లో తెప్పిస్తే పాలిథీన్ కవర్ లాంటి బట్ట వచ్చింది. నేను జాకెట్లు కుడతాను గానీ ఇలాంటివి రావు. అయినా ఈ వేషాల పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?
— ఒక అమ్మ, గుంటూరు

జాకెట్లు కుట్టేవారికి ఇది ఎడం చేత్తో చేసే పనండీ. ఆ కోటుని వాళ్ళు హవోరీ అంటారు. డార్టులు లేవు, చంక వంపు లేదు, అన్నీ నిలువు ముక్కలే. వీపుకి రెండు, ముందు రెండు, చేతులకి రెండు వెడల్పాటివి, మెడ చుట్టూ కింద దాకా వచ్చే పొడవాటి పట్టీ ఒకటి. కొలత భుజం నుంచి తొడ మధ్యదాకా తీసుకుంటే చాలు.

కష్టమల్లా గళ్ళ దగ్గరే. రంగుతో వేయొద్దు, రెండు ఉతుకులకి పగుళ్ళిస్తుంది. రెండు రంగుల పోప్లిన్ ఒకే మందంలో కొని, నలుపుని విడిగా, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకండి. 10 సెంటీమీటర్ల గడి కావాలంటే 12 సెంటీమీటర్ల వెడల్పుతో పొడవు పట్టీలు కోసి, ఒక ఆకుపచ్చ, ఒక నలుపు చొప్పున సెంటీమీటరు మార్జిన్‌తో కలిపి కుట్టండి. చారల దుప్పటిలా వస్తుంది. ఇప్పుడు దాన్ని అడ్డంగా మళ్ళీ 12 సెంటీమీటర్లకి కోయండి. ఒక్కో ముక్క విడిచి ఒకటి తలకిందులు చేసి కలిపితే గళ్ళు తయారు. పట్టీలు సరిసంఖ్యలో ఉంటేనే తిప్పినప్పుడు రంగు మారుతుందని మర్చిపోకండి. ప్రతి కుట్టు మార్జినూ నలుపు వైపుకే ఇస్త్రీ చేస్తే రెండు వరసలు కలిపేటప్పుడు మూలలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి, పిన్ను పెట్టకపోయినా జరగవు. అప్పుడు ఆ గళ్ళ బట్టని మామూలు తానులా పరిచి కోటు కత్తిరించండి.

ఇక పిచ్చి సంగతి. 1939లో న్యూయార్క్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మొదటి ప్రపంచ సమావేశానికి మిర్టిల్ డగ్లస్ అనే ఆవిడ, ఫారెస్ట్ అకర్‌మన్ అనే ఆయన రాబోయే కాలపు మనుషుల్లా దుస్తులు వేసుకుని వెళ్ళారు. రెండు జతలూ ఆవిడే కుట్టింది. పేరు మాత్రం ఆయనకే ఎక్కువ వచ్చింది, మన ఇళ్ళలోలాగే. మన దగ్గర ఇంతకంటే ముందే సంక్రాంతికి పగటివేషాలు ఇంటింటికీ వచ్చేవి, మీరూ చిన్నప్పుడు వెనకాల పరిగెత్తే ఉంటారు. అబ్బాయిని కూర్చోబెట్టి పట్టీలు కోయించండి. కొలత పట్టి గీత వేయడం వాడికి లెక్కల్లో కూడా పనికొస్తుంది.

మేము పెళ్ళి జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తాం. ఈమధ్య ఓ అమ్మాయి ఫోన్లో బొమ్మ చూపించి రెక్కలు, బెల్టు, చేతి పట్టీలు మొత్తం పూసలతో చేయమంది. ధర ఎంత చెప్పాలో తెలియలేదు.
— మగ్గం పనివారు, తణుకు

జాకెట్టుకి మీ నోటికొచ్చిన రేటు దీనికి పనికిరాదు. అదే బట్ట, అవే పూసలతో బెత్తెడు చదరం కుట్టి గంటలెన్నో చూసుకోండి. మొత్తం ఎన్ని చదరాలో లెక్కేసి మీ రోజు కూలీతో కట్టండి, మెటీరియల్ విడిగా. ఇంతవరకూ అందరూ చేస్తారు. వదిలేసేది ప్యాటర్న్ పని. రెక్క ఎలా నిలబడాలి, లోపల తీగ ఉండాలా, బెల్టు ఎక్కడ విప్పాలి అని మీరు కాగితం మీద కుస్తీ పట్టే సమయానికి కూడా కూలీ ఉంది. అది చెప్పకపోతే మీ లాభమంతా అక్కడే పోతుంది.

అడ్వాన్స్ సగం కంటే తక్కువ తీసుకోకండి. పెళ్ళి జాకెట్టు ఆలస్యమైతే తిట్టుకుంటూనైనా తీసుకెళ్తారు, ఎప్పుడో కట్టుకుంటారు. ఈ వేషం తేదీ దాటితే ఎవరికీ అక్కర్లేదు. ఓ కస్టమర్ నా దగ్గర వదిలేసిన నీలం పూసల రెక్కలు ఇప్పటికీ బీరువా పైన ఉన్నాయి. ఇంకొకరికి అమ్ముదామంటే ఆ పాత్ర ఎవరో ఎవరికీ గుర్తు లేదు. ఇంకో మాట, బొమ్మకి వెనక వైపు ఫొటో తప్పక అడగండి. గీసినవాళ్ళు వీపు గీయకపోతే హుక్కులు ఎక్కడ పెట్టాలో ఆ అమ్మాయి చేతనే నిర్ణయింపజేసి, కాగితం మీద సంతకం పెట్టించుకోండి.

చరిత్ర పాత్ర వేషానికి కాళ్ళకి ఏం వేసుకోవాలి? చెప్పులు లేకుండా హాల్లో తిరగలేం. హీల్స్ వేస్తే ఆ కాలంలో ఎక్కడివి అని వెక్కిరిస్తారేమో.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

రామప్ప గుడికి వెళ్ళినప్పుడు ఎత్తు మడమల పాదుకలు వేసుకున్న మదనిక ఎక్కడుందో గైడుని అడగండి, చూపిస్తారు. ఎవరైనా వెక్కిరిస్తే ఆ ఫొటో చూపించండి. కానీ రోజంతా గచ్చు మీద నిలబడాలంటే మెత్తటి అడుగున్న ఫ్లాట్ చెప్పే మంచిది. పైన పట్టీకి మీ లంగా బట్టే చుట్టి అంటించి, మధ్యలో ఒక బిళ్ళ కుట్టుకోండి.

మా అమ్మాయి న్యూజెర్సీలో చదువుతోంది. అక్కడి వేషాల పండక్కి ఇక్కడ హైదరాబాద్‌లో నెట్ బట్ట మీద పూసల గౌను చేయించాను. సూట్‌కేసులో ఎలా పంపాలి? మురికైతే ఉతకొచ్చా?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

ముందు అది హ్యాంగర్‌కి వేలాడుతుంటే ఇప్పుడే దించండి. పూసల బరువుకి నెట్ సాగిపోయి, వారం తిరిగేసరికి అంచు ఒకవైపు కిందికి దిగుతుంది. లోపలి వైపు బయటికి తిప్పి, మధ్యలో పాత కాటన్ చీర పరిచి, మడతలు పెట్టకుండా చాపలా చుట్టండి. పూసకి పూస తగలకూడదు, ఒకదానికొకటి చిక్కుకుని నెట్ చిరుగుతుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టొద్దు, తేమ పడితే జర్దోసీ నల్లబడుతుంది. కత్తి, బాణం లాంటివి ఉంటే ఫోమ్‌వైనా సరే చేతి సంచీలో పెట్టనివ్వకండి, చెక్-ఇన్ చేసే పెట్టెలోనే వేయమనండి.

ఉతకడం వద్దు. విప్పగానే లోపలి వైపు తడిగుడ్డతో చంకలూ మెడా తుడిచి, ఫ్యాన్ కింద మంచం మీద పరిచి ఆరబెట్టమనండి. అసలు చంకల దగ్గర విప్పి ఉతుక్కునే చిన్న కాటన్ ప్యాడ్లు టిచ్ బటన్లతో ఇప్పుడే పెట్టించి పంపితే ఆ గొడవే ఉండదు. గౌను కుట్టినవాళ్ళ దగ్గర మిగిలిన పూసలు ఓ చిన్న పొట్లం, అదే రంగు దారం అడిగి తీసుకోండి. అక్కడ సరిగ్గా ఆ రంగు వెతకడం కంటే ఇక్కణ్ణుంచి పంపడమే తేలిక.